పిడుగు ఎంచిన కరెంటు పెట్టె

మా తమ్ముడి గురించి ఎవరడిగినా నేను మొదట చెప్పే మాట ఒకటే: వాడికి కోపం రాదు. ఇద్దరికీ పంచాల్సిన కోపమంతా, ముందు పుట్టానని, నాకే ఇచ్చేసినట్టున్నారు. వాడు టాక్సీ నడుపుతాడు, నేను బట్టలు కుడతాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. వీధి వైపు గది నా కుట్టుమిషనుది. వెనక రెండు గదుల్లో వాడూ, మా మరదలూ, వాళ్ళ పిల్లా ఉంటారు. పిల్లకు బడిలో వేరే పేరుంది గానీ ఇంట్లో అందరికీ పిడుగే.

పిడుగుకు పుట్టుకతోనే వినపడదు. పక్క కొట్టు ఇనుప షట్టరు ధడేల్మని పడితే వీధి వీధంతా ఉలిక్కిపడింది, ఉయ్యాల్లో పిల్ల మాత్రం కదల్లేదు. ఆ రోజు నేనే మొదట గమనించాను. నేను గమనించకపోయినా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

మా వాడికి చిన్నప్పటినుంచీ పాటల పిచ్చి. వినడం పిచ్చి కాదు, మోగించడం పిచ్చి. గ్యారేజీలో బళ్ళు కడిగే రోజుల్లో పాత స్పీకర్లు ఏరుకొచ్చి మంచం కింద దాచేవాడు. సొంత టాక్సీ వచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. డాష్‌బోర్డులో సెట్టు, సీటు కింద పాటకు బలమిచ్చే ఆంప్లిఫయరు, డిక్కీలో అదురు పుట్టించే, నా ట్రంకు పెట్టెంత ఊఫరు. వాడి బండి వీధి మొదట్లో ఉండగానే నా టేబులు మీద గుండుసూదులు గజగజలాడేవి. "ఆపరా ఆ గోల!" అని నేను కిటికీలోంచి అరవడం, వాడు నవ్వుతూ చెయ్యూపి ఆపడం రోజూ ఉండేదే. దిగాల్సిన చోటు వచ్చినా, "ఈ పాట అయిపోనీ బాబూ" అని కూర్చునే ప్రయాణికులు కూడా ఉండేవాళ్ళంటే నమ్మండి.

అటువంటివాడు పిల్ల సంగతి తెలిశాక సెట్టు ముట్టుకోలేదు. ఎందుకురా అంటే, "నా కూతురు వినలేని పాట నాకెందుక్కా" అన్నాడు.  గోల ఆగిందని సంతోషించాల్సినదాన్ని, ఆ గోల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

పిడుగుకు నడక వచ్చాక ఒకరోజు దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వస్తుంటే, ముందు కూర్చున్న ప్రయాణికుడు పాట పెట్టమని ప్రాణం తీశాడట. సరే అని పెట్టాడు. అద్దంలో చూస్తే పిల్ల సీటుకు వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి చాపి, నోరంతా తెరిచి నవ్వుతోంది. దాని వీపు వెనక డిక్కీలోనే కదా ఆ ఊఫరు. వాడు బండి పక్కకు తీసి ఆపేశాడు. ఆ ప్రయాణికుడు ఎవరో ఏమో, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అక్కణ్ణుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడల్లా తండ్రీ కూతుళ్ళకు అదే పని. బండి గుమ్మం ముందు ఆపి, ఇంజను కట్టేసి, అద్దాలెక్కించుకుని, బ్యాటరీ మీద ఒక్క పాట. వాడి దగ్గర ఒక పాట ఉంది, మధ్యలో వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, ఒక గుక్క నిశ్శబ్దం తర్వాత మళ్ళీ ధన్‌మని అందుకుంటాయి. పిడుగుకు అదంటే ప్రాణం. కొన్నాళ్ళకు ఆ ఆగిన చోట అది గొంతెత్తడం మొదలుపెట్టింది. మాటలుండవు. "ఆ..." అని ఒక పొడుగు రాగం. గొంతు కాస్త బొంగురు, కాస్త పైకి కిందకి. నాకు మాత్రం చేతిలో కత్తెర ఆగిపోయేది.

అది గొంతు విప్పేది బండిలో మాత్రమే. బడిలో ఒకసారి అలాగే పాడితే పిల్లలు పగలబడి నవ్వారట. వినపడకపోయినా, నవ్వే మొహాలు కనపడతాయి కదా! ఇంటికొచ్చి నా ముందు నిలబడి వాళ్ళెలా నవ్వారో చేసి చూపించింది. ఆ రోజు బడికెళ్ళి నేను చేసిన గలాటా వాళ్ళింకా మర్చిపోలేదు, మర్చిపోకూడదు కూడా. కానీ పిడుగు మళ్ళీ మనుషుల్లో నోరు తెరవలేదు. అద్దాలెక్కించిన ఆ బండి ఒక్కటే దానికి మిగిలిన చోటు.

ఆ బండికి కాలం చెల్లింది. పాతబడిన టాక్సీలు ఇక రోడ్డెక్కకూడదని రవాణా ఆఫీసువాళ్ళు చెప్పేశారు. మా వాడు ఒక కంపెనీ వ్యానుకు డ్రైవరుగా కుదిరాడు. ఆ వ్యానులో సొంత సామాను ఒక్క స్క్రూ కూడా బిగించకూడదట. పాత బండిని తుక్కు కొట్టుకు తోలే ముందు సెట్టూ, ఆంప్లిఫయరూ, ఊఫరూ విప్పి ఇంట్లో పెట్టాడు. వాటితోపాటు కీ పెట్టి తిప్పే ఆ స్విచ్చును కూడా ఊడబీక్కొచ్చాడు.

"ఇదెందుకురా, ఇల్లు నడుపుతావా?" అన్నాను.

"కీ తిప్పేది పిడుగే కదక్కా. అది తిప్పకపోతే పాటే కాదంటుంది."

పిడుగు ఆ కీని తాడుకు కట్టి మెడలో వేసుకుంది. రోజూ మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, బండి ఆగే చోటు కేసి చూసి, లోపలికొచ్చేది. తిండి తగ్గింది, ఆట తగ్గింది. నేను కిటికీలోంచి అరిచే అరుపును అనుకరించడం దానికి ఇష్టమైన ఆట. నడుం మీద చెయ్యేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, "ఆపు" అన్నట్టు పెదాలు ఆడించి అందర్నీ నవ్వించేది. అది కూడా మానేసింది. బడిలో టీచరమ్మ మరదలితో, "గొంతు వాడుతూ ఉండనివ్వండి, లేకపోతే అలవాటు తప్పిపోతుంది" అంది. మరదలు లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, ఏడుపొచ్చినా ఆవిరి మీదకు నెట్టేసే మనిషి. ఆ రోజు ఇంట్లోనే ఏడ్చింది. మాకు కావలసింది ఏదో పాట మోగడం కాదు, పిల్ల మళ్ళీ నోరు తెరవడం.

సెట్టు ఇంట్లో మోగాలంటే కరెంటు కావాలి. గోడలో ఉన్న కరెంటు దానికి పనికిరాదు, పన్నెండు వోల్టులది కావాలి. మా వాడు ఎక్కడో పడి ఉన్న ఒక చిన్న అడాప్టరు తెచ్చాడు, మీద పన్నెండని రాసుంది. పొద్దుటి నుంచీ వైర్లు చుట్టాడు. పిడుగు కీ తిప్పింది. ఏమీ లేదు. మళ్ళీ తిప్పింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు మరదలు వంగి చూసి, "ఆ నల్ల వైరు కిటికీ చువ్వకి బిగించారేంటి?" అంది.

"నల్ల వైరు బాడీకే కదా బిగించాలి," అన్నాడు వాడు, అదేదో పుట్టినప్పటినుంచీ అందరికీ తెలిసిన సంగతైనట్టు.

బండిలో నల్ల వైరును బండి ఇనుప ఒంటికి బిగిస్తారు. బ్యాటరీ నల్ల కొసా అదే ఒంటికి ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఇంట్లో ఇనుము కనపడేసరికి వీడి చెయ్యి దానంతటదే కిటికీ దగ్గరకు పోయింది.

"మరి ఈ అడాప్టరు రెండో వైరు గాల్లో వేలాడుతోంది కదండీ," అంది మరదలు.

నేను నవ్వాపుకోలేకపోయాను. "ఒరేయ్, ఇంటికి చక్రాలు కూడా బిగించరా, సాయంత్రం అలా తిరిగొద్దాం!" వాడూ నవ్వాడు. నల్ల వైరు కిటికీ నుంచి విప్పి అడాప్టరుకు కలిపాడు. సెట్టు లైటు వెలిగింది, పాట మొదలైంది, ఊఫరు మొదటి దెబ్బ కొట్టింది, అంతే, ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ దెబ్బకు ఆరిపోయింది. పిడుగు ఊఫరు పెట్టె మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూసీ చూసీ లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వాడు ఏకంగా బండి బ్యాటరీ పట్టుకొచ్చాడు, దాన్ని నింపడానికి ఒక పాత ఛార్జరుతో సహా. సెట్టు మోగింది, కాదనను. కానీ ఆ ఛార్జరు ఎక్కించినప్పుడల్లా ఇల్లంతా ఘాటు వాసన, ముక్కు పుటాలు మండిపోయేవి. పోనీలే పిల్ల కోసమని పళ్ళు బిగబట్టాను. ఒకరోజు ఎవరిదో కొత్త చొక్కా, గుండీలు కుట్టడమే తరువాయి, తీసి చూస్తే చేతికి చిల్లులు! బ్యాటరీ మోసిన చేతులతో మా వాడు దాన్ని పక్కకు జరిపాడట. అగ్గి మీద గుగ్గిలమయ్యాను. బ్యాటరీ గుమ్మం బయటపడేదాకా మిషను తొక్కలేదు. ఇవాళ మళ్ళీ అదే జరిగినా అదే చేస్తాను, ఆసిడ్డుకూ బట్టకూ ఒకే కప్పు కింద కాపురం కుదరదు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఆ బ్యాటరీ మీద పాట మోగుతున్నన్నాళ్ళూ పిడుగు నోరు తెరవలేదు. ఛార్జరు తగిలించే మోగించేవాళ్ళం, తీసేస్తే ముసలి బ్యాటరీ పాట సగంలోనే నీరుగారిపోయేది. పిల్ల పెట్టెకు వీపు ఆనించేది, ఆ నిశ్శబ్దం వచ్చే చోటికి కళ్ళు మూసుకునేది, మళ్ళీ తెరిచి తల అడ్డంగా ఊపేది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వేళ్ళు కదిలించేది. మా ఇంట్లో ఆ సైగకు ఆకలి అని అర్థం. మరదలు ఏదో ఒకటి తెచ్చి పెట్టేది, అది విసురుగా నెట్టేసేది. "మొండిఘటం" అని నేను తిట్టుకున్నాను.

దారి చూపించింది చివరికి నా కొట్టు బోర్డే. గుమ్మం పైన 'ఇక్కడ బట్టలు కుట్టబడును' అని వెలిగే బోర్డు ఒకటి పెట్టించాను, అది మిణుకుమిణుకుమంటుంటే దాన్ని చేసినాయన బాగుచెయ్యడానికి వచ్చాడు. అందరూ బోర్డులాయన అంటారు. పొట్టిగా, నింపాదిగా ఉంటాడు, నిచ్చెన మీద కూడా తొందరపడడు. బోర్డు వెనక మూత తీస్తే లోపల చిల్లుల రేకు పెట్టె ఒకటి కనపడింది. కింద నిచ్చెన పట్టుకున్న మా వాడి కళ్ళు దాని మీద పడ్డాయి.

"అన్నా, అది పన్నెండు వోల్టులదా?"

"బోర్డులన్నిటికీ పన్నెండే. ఏం?"

మా వాడు గుక్కతిప్పుకోకుండా కథంతా చెప్పాడు. ఆయన కిందకు దిగి, ఊఫరునూ, దాని పక్కనే కీ పట్టుకుని కూర్చున్న పిల్లనూ చూశాడు.

"పన్నెండైతే సరిపోదు తమ్ముడూ. ఎంత తాగుతుందో చూసుకోవాలి. ఆంప్లిఫయరు మీద ఫ్యూజెంత?"

"ఇరవై అయిదు ఆంపియర్లు."

"చిన్న అడాప్టరేమో రెండో మూడో ఇస్తుంది. సన్న పైపు పెట్టి తొట్టి నింపమంటే ఎలా నిండుతుంది? ఫ్యూజెంతో అంతకంటే కాస్త ఎక్కువ మోసేది కావాలి. ఎప్పుడూ అంత తాగదులే, దెబ్బ పడినప్పుడే. కానీ నీ కూతురికి కావాల్సింది ఆ దెబ్బే కదా. కొట్టుకి రండి, సామాను కూడా తీసుకురండి."

సామాను కదిలిస్తే పిడుగు వదలనంది. తోపుడుబండి మీద ఊఫరు, ఊఫరు మీద పిడుగు, వెనక నెడుతూ మా వాడు, పక్కన నేను. నేనెందుకంటే, బేరం వాడి చేతకాదు. అమ్మేవాడు చెప్పిన ధరకే, "ఇంకాస్త తీసుకోండి" అనే రకం.

ఆయన కొట్టులో ఒక చెక్క మీద కారు హెడ్‌లైటు బల్బులు వరసగా బిగించి ఉన్నాయి. ఏ కరెంటు పెట్టె అమ్మినా ముందు ఆ బల్బులు ఒక్కొక్కటే కలుపుతూ పోతాడు. పెట్టె మీద ఏం రాసుందో చూడడు, ఎన్ని బల్బులు మోస్తే అది దాని సత్తువ. మొదట తేలికపాటి పెట్టె ఒకటి పెట్టాడు, మీద ముప్పై అని ఇంత లావున అచ్చేసుంది. సగం బల్బులైనా కలపకముందే అన్నీ వెలుగు తగ్గి ఎర్రగా మసకబారాయి.

"ముప్పై అనుంది కదండీ?" అన్నాను.

"రాసుకోవడానికేం అమ్మా, కాగితం కాదంటుందా?" అని దాన్ని పక్కన పడేశాడు.

రెండోది ఎత్తడానికి మా వాడు సాయం పట్టాల్సొచ్చింది. లోపల పెద్ద రాగి చుట్ట ఉందట. బల్బులన్నీ భగ్గుమని వెలిగాయి. మా వాడి మొహం కూడా వెలిగింది. "ఇదేనన్నా!" అని సెట్టు కలిపేశాడు. పిడుగు కీ తిప్పింది. పాట దద్దరిల్లింది, కొట్టులో డబ్బాలన్నీ గలగలమన్నాయి. నేను సంచిలోంచి పర్సు తీశాను.

పిల్ల తల అడ్డంగా ఊపింది. పొట్ట మీద చెయ్యి పెట్టి వేళ్ళు కదిలించింది.

"ఆకలంటోంది," అన్నాను.

బోర్డులాయన నా మాట పట్టించుకోలేదు. పాట ఆపేసి, సెట్టు అలాగే ఉంచి, పిల్ల పక్కన నేల మీద చతికిలబడి, ఊఫరు మీద దాని రెండో చెయ్యి ఉన్న చోటే తన చెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. బయట మనుషులొచ్చి పిలిచినా లేవలేదు.

"ఆకలి కాదమ్మా. పెట్టె కడుపులో గుర్రుమంటోంది అంటోంది. నిజమే, సన్నగా ఉంది. పాట లేనప్పుడు కూడా ఆగట్లేదు."

నేనూ చెయ్యి పెట్టాను. మొదట ఏమీ తెలియలేదు. కళ్ళు మూసుకుంటే అప్పుడు తగిలింది, పిల్లి ఒళ్ళో పడుకున్నప్పుడు ఉండేలాంటి వణుకు.  ఆ ఛార్జరు దగ్గరా ఇదే చెప్పింది పిల్ల. మేం పళ్ళేలు తెచ్చి ముందు పెట్టాం.

"అది ఉంటే ఏమవుతుందన్నా?" అన్నాడు మా వాడు.

పిడుగు తండ్రి చేతిని లాగి తన గుండెల మీద పెట్టుకుంది, రెండో చెయ్యి పెట్టె మీద పెట్టింది, ఆపైన రెండు చేతుల వేళ్ళూ ఒకదాన్లో ఒకటి దూర్చి కలిపేసింది. మా వాడు కాసేపు చూసి, మెల్లగా, "దాని గొంతు కూడా గుండెల్లో అదురుగానే తెలుస్తుందక్కా. ఇదీ అదీ కలిసిపోతున్నాయి. ఏది తనదో తెలియట్లేదు," అన్నాడు. 

బోర్డులాయన లేచి అరలన్నీ వెతికాడు. "ఇది మోసేదేనా" అన్నది బల్బుల చేత చెప్పించాడు, "శుభ్రంగా ఉందా" అన్నది పిల్ల చేత చెప్పించాడు. ఒకదాన్ని బల్బులు వద్దన్నాయి, ఇంకోదాన్ని పిడుగు వద్దంది. కొట్టుకొచ్చిన వాళ్ళను "కాస్త ఆగండి, పనిలో ఉన్నాం" అని కూర్చోబెట్టాడు. ఒక్కసారైనా విసుక్కుంటాడేమో, తగువేసుకుందామని చూశాను. అవకాశమివ్వలేదు మహానుభావుడు.

ఆఖరుకు, పక్కన చిన్న ఫ్యాను ఉన్న చిల్లుల పెట్టె ఒకటి దించాడు. బల్బులన్నీ మోసింది. మీటరు పెట్టి, అంచున ఉన్న బుల్లి స్క్రూ తిప్పి, పన్నెండును పదమూడు దాటించాడు. "బండి ఇంజను తిరుగుతుంటే ఇంతే ఉంటుంది, సెట్టుకి ఇదే హాయి," అన్నాడు. పిడుగు కీ తిప్పింది. పాట ఇంకా పెట్టలేదు. ఊఫరు మీద అరచెయ్యి ఆనించింది, చెంప ఆనించింది.  అది లేచి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని తల వాల్చింది. పెట్టె నిద్రపోతోందట.

పాట పెట్టాడు. దెబ్బ గట్టిగా పడింది, ఒక్కటీ తప్పిపోలేదు. పిల్ల నవ్వింది. కానీ గొంతు విప్పలేదు. చుట్టూ కొత్తవాళ్ళున్నారు మరి. నేను జీవితంలో మొదటిసారి బేరం ఆడకుండా కొన్నాను. బోర్డులాయనే నా మొహం చూసి, "ఒంట్లో బాగుందా అమ్మా?" అన్నాడు.

ఇంటికొచ్చి ముందుగదిలో కిటికీ కింద అంతా అమర్చారు. నల్ల వైరు కిటికీకి బిగించబోతే చెయ్యి విరగ్గొడతానన్నాను. మరదలు పని నుంచి వచ్చి తలుపేసింది, కిటికీ రెక్కలు మూసింది, బండి అద్దాలెక్కించినట్టు. పిడుగు మెడలోంచి కీ తీసి తిప్పి, ఊఫరుకు వీపు ఆనించి కూర్చుంది.

పాట మొదలైంది. నా టేబులు మీద కత్తెర దానంతటదే నడిచి అంచుదాకా వచ్చింది, గుండుసూదులు గజగజలాడాయి. నేను నోరెత్తలేదు. ఆ చోటు రానే వచ్చింది. వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. గదిలో ఏ అదురూ లేదు. పిల్ల కళ్ళు మూసుకుని ఉంది, చెయ్యి గుండెల మీద ఉంది.

"ఆ..."

బొంగురుగా, కాస్త పైకి కాస్త కిందకి. అదే గొంతు. ధన్‌మని పాట మళ్ళీ అందుకున్నా అది ఆపలేదు. మరదలు గోడకు జారబడి కూర్చుండిపోయింది. మా వాడు మాకు వీపు తిప్పేసి, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కోసమే గదంతా వెతకడం మొదలుపెట్టాడు. నేను మటుకు దాచుకోలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను. అద్దంలో కూతురి నవ్వు చూసి బండి ఆపిన తమ్ముణ్ణి ఇచ్చినందుకు, పిల్ల పక్కన నేల మీద చతికిలబడ్డ ఆ బోర్డులాయన్ని ఇచ్చినందుకు, ఏ దేవుడికి చెప్పాలో తెలియక అందరికీ కలిపి దణ్ణం పెట్టుకున్నాను.

పాట అయిపోయింది. పిడుగు కళ్ళు తెరిచి నేరుగా నాకేసే చూసింది. నేనేమంటానో దానికి బాగా తెలుసు. నడుం మీద చెయ్యేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, "ఆపు" అన్నట్టు పెదాలాడించి నా కోసం ఆగింది.

"ఇంకోసారి," అన్నాను.

అది నా పెదాలకేసి అనుమానంగా చూసింది. దగ్గరకొచ్చి మళ్ళీ చెప్పమని గడ్డం పట్టుకుంది. నేను ఒక్కో అక్షరం విడివిడిగా పలికాను, "ఇం-కో-సా-రి."

పిడుగు సెట్టు దగ్గరకు పరిగెత్తి కీ ఊడబీకి, తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ రోజు రెండోసారి పాటకు కీ తిప్పింది నేనే.